కార్యక్రమానికీ కార్యక్రమానికీ మధ్య: హైదరాబాద్ దూరదర్శన్ అనౌన్సర్ల జ్ఞాపకం

2024 ఏప్రిల్ 5న, హైదరాబాద్ దూరదర్శన్‌లో తెలుగు వార్తలు చదివిన శాంతిస్వరూప్ మరణించినప్పుడు వెలువడిన నివాళులను వరసగా చదివినవారికి ఒక సంగతి తట్టకపోదు. ఆయన చదివిన ఫలానా వార్త గుర్తుందని రాసినవారు చాలా తక్కువ. దాదాపు మూడు దశాబ్దాల పాటు వార్తలు చదివిన మనిషి గురించి జనం చెప్పుకున్నదంతా ఆయన కూర్చునే తీరు గురించి, కాగితం మీది నుంచి తల ఎత్తినప్పటి చూపు గురించి, వాక్యం చివరికి వచ్చేసరికి నిదానంగా దిగే గొంతు గురించి. ఆ వార్తల్లో దేశాన్ని కుదిపినవి ఉన్నాయి, ఏదో శంకుస్థాపనకు మంత్రిగారు హాజరైనవీ ఉన్నాయి. ప్రేక్షకుల మనసులో అవన్నీ కలిసిపోయి, చదివిన మనిషి మాత్రం చెక్కు చెదరకుండా మిగిలాడు. ప్రాంతీయ టెలివిజన్ జ్ఞాపకాలను పరిశీలించడానికి ఇది మంచి మొదలు. హైదరాబాద్ దూరదర్శన్ పేరు ఎత్తగానే తెలుగువారు ముందుగా తలచుకునేది పాటల కార్యక్రమాలనూ నాటకాలనూ అయినా, మాట కాస్త ముందుకు సాగితే బయటపడేవి వాటి మధ్య ఉన్న సంగతులే: ప్రారంభ సంగీతం, గుండ్రంగా తిరుగుతూ కుదురుకునే చిహ్నం, ‘అంతరాయానికి చింతిస్తున్నాం’ అన్న అట్ట, వీటన్నిటినీ కలుపుతూ తెర మీద కనిపించే అనౌన్సర్. ఈ అతుకులు ఇంతగా గుర్తుండిపోవడాన్ని పాతకాలం మీది మమకారం ఒక్కటే వివరించలేదు. ఆనాటి యంత్రాల పరిమితులు, ఒకే ఛానల్ ఉన్న రోజుల ఏర్పాట్లు కలిసి అనౌన్సర్‌ను సాయంత్రానికి మూలస్తంభంగా నిలబెట్టాయి. ఆ పరిమితులు తొలగినప్పుడు ఆ ఉద్యోగమూ వాటితో పాటే కరిగిపోయింది.

తెలుగులో టెలివిజన్ నగరాల డ్రాయింగ్ రూముల కోసం మొదలు కాలేదు. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 వరకు ఏడాది పాటు సాగిన ఉపగ్రహ బోధన ప్రయోగంలో అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 ద్వారా ఆరు రాష్ట్రాల్లోని దాదాపు 2400 గ్రామాలకు ప్రసారాలు అందాయి. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. తెలుగు కార్యక్రమాల తయారీకి హైదరాబాద్‌లో నిర్మాణ కేంద్రం ఏర్పడింది. బడి వరండాలోనో పంచాయతీ ఆఫీసు దగ్గరో ఉంచిన ఒకే ఒక్క సెట్టు ముందు ఊరంతా కూర్చుని సేద్యం, ఆరోగ్యం, కుటుంబ సంక్షేమం గురించి చూసేది. ఆ ప్రయోగం ముగిసిన తర్వాత, 1977 అక్టోబర్ 23న, హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం క్రమం తప్పని ప్రసారాలను ప్రారంభించింది. నగరవాసులకు రామంతాపూర్ అంటే టీవీ స్టేషన్ అన్న గుర్తింపు ఆ తర్వాత స్థిరపడింది. ఈ పూర్వరంగాన్ని ఇక్కడ చెప్పుకోవడానికి కారణం ఉంది. తెలుగు టెలివిజన్ మాట్లాడే తీరు పంతులు గారి తీరుగా మొదలైంది. గుమిగూడి కూర్చున్న జనానికి, అందులోనూ మొదటిసారి ఈ పెట్టెను చూస్తున్నవారికి, తొందర లేకుండా విడమరిచి చెప్పాలన్న పట్టింపు దాని పుట్టుకలోనే ఉంది. అనౌన్సర్ల గొంతులో తర్వాతి తరం వారికి మరీ నెమ్మదిగా వినిపించిన ఆ నిదానానికి మూలం అక్కడ వెతకవచ్చు.

ఒక సాయంత్రపు ప్రసారం ఎలా నడిచేదో చూస్తే అనౌన్సర్ అవసరం ఎంతటిదో తెలుస్తుంది. కేంద్రంలో ఏ రోజు ఏ కార్యక్రమం ఎన్ని గంటలకు మొదలై ఎన్ని నిమిషాలు సాగాలో ముందే పట్టిక తయారయ్యేది. ఆ రోజు డ్యూటీలో ఉన్నవారికి ఏది ఎప్పుడు వెళ్లాలో చెప్పే క్యూ షీట్ అందేది. ఒక కార్యక్రమం యూ-మాటిక్ వీడియో టేపు మీద ఉంటుంది, మరొకటి ఫిల్ము మీద ఉండి, ఫిల్మును టీవీ సంకేతంగా మార్చే టెలిసినీ యంత్రం ద్వారా వెళ్లాలి, ఇంకొకటి స్టూడియోలో అప్పటికప్పుడు జరిగే ముఖాముఖి. టేపు యంత్రం మీట నొక్కిన వెంటనే స్థిరమైన బొమ్మ ఇవ్వదు. వేగం అందుకోవడానికి దానికి కొన్ని సెకన్లు కావాలి. ఒక టేపు తీసి మరో టేపు ఎక్కించడానికి, ఫిల్ము రీలు సరిచూసుకోవడానికి మరికొంత సమయం కావాలి. పైగా ముప్పై నిమిషాల కార్యక్రమం అని పట్టికలో ఉన్నది నిజానికి ఇరవై ఏడు నిమిషాలకే ముగిసిపోవచ్చు. ఈ ఖాళీలను పూడ్చవలసింది మనిషే. అందుకే ఒక చిన్న స్టూడియోలో, ఒక కెమెరా ముందు, సాయంత్రమంతా అనౌన్సర్ సిద్ధంగా ఉండేవారు. కనిపిస్తూ చెప్పే ప్రకటనలు కొన్ని, బొమ్మల అట్ట వెనుక నుంచి గొంతు మాత్రమే వినిపించేవి కొన్ని.

ఇది చూడటానికి కనిపించినంత తేలిక పని కాదు. ఫ్లోర్ మేనేజర్ చేతి సైగతో మొదలుపెట్టి, కంట్రోల్ రూమ్ నుంచి వచ్చే సూచనను బట్టి మాటను సాగదీయాలి లేదా కుదించాలి. ఆ సాగదీత ప్రేక్షకుడికి తెలియకూడదు. ఇరవై సెకన్లలో చెప్పవలసిన మాటను నలభై సెకన్లకు పెంచమని చివరి క్షణంలో సైగ వస్తే, రేపటి కార్యక్రమాల వివరాలతో ఆ వెలితిని పూరించగల జ్ఞాపకశక్తి ఉండాలి. టేపు తెగితే, కరెంటు పోతే, ఢిల్లీ నుంచి అందవలసిన సంకేతం అందకపోతే ముందు తెర మీద అట్ట వెలిసేది, దాని వెంట అనౌన్సర్ గొంతు వచ్చేది. ఆ గొంతులో కంగారు వినిపించకపోవడమే ఆ ఉద్యోగానికి ప్రధానమైన అర్హత. దుస్తుల విషయంలోనూ యంత్రం చెప్పినట్టే నడవాలి: ఆనాటి కెమెరాలు తెల్లని తెలుపును భరించలేవు, సన్నని చారల బట్టలు తెర మీద మిణుకుమిణుకుమంటాయి. అనౌన్సర్ల చీరల గురించి ఆడవారు ఇప్పటికీ చెప్పుకునే ముచ్చట్లలో రంగుకూ అంచుకూ ఉన్న ప్రాధాన్యం వెనుక, వాళ్ల అభిరుచితో పాటు కెమెరా అభ్యంతరాలు కూడా పనిచేశాయన్నది చాలామంది ఎరుగని విషయం. వీరిలో శాశ్వత ఉద్యోగులు కొద్దిమంది. మిగిలినవారు నెలలో కొన్ని రోజులకు మాత్రమే పిలుపు అందుకునే క్యాజువల్ అనౌన్సర్లు. ఊరంతా గుర్తుపట్టే ముఖం, చేతికందేది మాత్రం రోజువారీ పారితోషికం. ఈ వైరుధ్యాన్ని జ్ఞాపకాల వ్యాసాలు సాధారణంగా పట్టించుకోవు.

ప్రేక్షకుడి వైపు నుంచి చూస్తే లెక్క మరోలా ఉంటుంది. నాటకంలో, సీరియల్‌లో పాత్రలు ఒకరితో ఒకరు మాట్లాడుకుంటాయి. చూసేవాడి వంక నేరుగా చూడవు. అనౌన్సర్ ఒక్కరే కెమెరా కళ్లలోకి చూసి, చేతులు జోడించి, పలకరిస్తారు. పైగా ప్రాయోజిత సీరియళ్లకు దూరదర్శన్ సాధారణంగా పదమూడు వారాల గడువు ఇచ్చేది. వారానికి ఒకసారి వచ్చి, మూడు నెలల్లో వెళ్లిపోయే పాత్రల కంటే, ఒక్క సాయంత్రంలోనే నాలుగైదు సార్లు కనిపించి, ఏళ్ల తరబడి అలాగే కనిపిస్తూ ఉండే ముఖం ఎక్కువగా గుర్తుండటంలో ఆశ్చర్యం లేదు. ఒకే ఛానల్ ఉన్నందువల్ల ఆ ముఖాన్ని తప్పించుకునే వీలు కూడా లేదు. రిమోట్ రాకముందు, మార్చడానికి మరో ఛానల్ లేని రోజుల్లో, ఇష్టమైన కార్యక్రమం కోసం ఎదురుచూసేవారంతా దానికి ముందు వచ్చే ప్రకటనను చూసి తీరవలసిందే. శుక్రవారం ‘చిత్రలహరి’ని తలచుకునేవారికి ఏ వారం ఏ పాటలు వచ్చాయో గుర్తుండదు, పాటల ముందు పడిన నిరీక్షణ గుర్తుంటుంది. ఆ నిరీక్షణకు కళ్ల ముందు రూపం ఇచ్చింది అనౌన్సరే.

తెలుగు వార్తల కథ కొంత ఆలస్యంగా మొదలైంది. కేంద్రం పనిచేయడం ప్రారంభించిన ఆరేళ్లకు, 1983 నవంబర్ 14న, హైదరాబాద్ దూరదర్శన్ తొలి తెలుగు వార్తల బులెటిన్ ప్రసారమైంది. చదివింది శాంతిస్వరూప్. అంతవరకు తెలుగువారికి వార్తలంటే చెవితో వినేవి. ఢిల్లీ నుంచి వచ్చే ఆకాశవాణి బులెటిన్ల పుణ్యమా అని ‘వార్తలు చదువుతున్నది అద్దంకి మన్నార్’ వంటి వాక్యాలు ఇంటింటా నానుడిగా మారిపోయి ఉన్నాయి. గొంతు తప్ప మరేమీ తెలియని వార్తల స్థానంలో ముఖం ఉన్న వార్తలు వచ్చాయి. ముఖం రావడంతో రేడియోలో లేని ఇబ్బంది ఒకటి ముందుకు వచ్చింది: చదివే మనిషి కాగితం చూడాలి, కెమెరానూ చూడాలి. కెమెరా కటకం మీద అక్షరాలు కదిలే టెలిప్రాంప్టర్ హైదరాబాద్‌కు రావడానికి మరో పదేళ్లు పట్టింది. ఆ పదేళ్లూ శాంతిస్వరూప్, ఆయనతో పాటు వార్తలు చదివినవారు, కాగితం మీది వాక్యాన్ని ఒక్క చూపులో పట్టుకుని, తల ఎత్తి దాన్ని ప్రేక్షకుడికి అప్పగించి, మళ్లీ దించుకునేవారు. వీలైనంత ముందుగా బులెటిన్‌ను కంఠస్థం చేసుకోవడం వారి సాధనలో భాగం.

ఆయన శైలిగా అందరూ మెచ్చుకునే లక్షణాలు చాలావరకు ఈ అవసరంలోనే పుట్టాయని చెప్పడం ఆయన ప్రతిభను తక్కువ చేయడం కాదు. వాక్యాన్ని కంటితో పట్టుకోవాలంటే అది పొట్టిగా ఉండాలి, క్రియ ఎక్కడ వస్తుందో ముందే తెలియాలి. తెలుగు వాక్యంలో క్రియ చివర ఉండటం వల్ల సగంలో తల ఎత్తితే అర్థమే తారుమారు కావచ్చు. అందుకే వాక్యాంతంలో ఆగడం, ఆ విరామంలో తల దించుకోవడం, మళ్లీ ఊపిరి తీసుకుని మొదలుపెట్టడం ఒక లయగా స్థిరపడ్డాయి. ప్రాంప్టర్ వచ్చాక చదివేవారి చూపు ఒకే చోట నిలిచిపోయింది, వేగం పెరిగింది, ఆ లయ అవసరం తీరిపోయింది. ఆయన 2011లో పదవీ విరమణ చేసే నాటికి చుట్టూ ఉన్న తెలుగు వార్తా ఛానళ్లలో ఎవరూ ఆ లయలో చదవడం లేదు. ఆయన మీద గౌరవం ఆ తర్వాత పెరిగిందే తప్ప తగ్గలేదు.

టెలివిజన్ అనౌన్సర్‌కు తెలుగునాట అంత సులువుగా చనువు దక్కడం వెనుక రేడియో వేసిన బాట ఉంది. మద్రాసు, విజయవాడ, హైదరాబాద్ ఆకాశవాణి కేంద్రాలు నాలుగు దశాబ్దాల పాటు శ్రోతలను తయారుచేశాయి. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు పిల్లల కార్యక్రమాల ద్వారా రేడియో అన్నయ్యగా, రేడియో అక్కయ్యగా ఎంతమందికి ఇంటివారయ్యారో ఆనాటివారికి తెలుసు. గాలిలోంచి వచ్చే గొంతును వరస కలిపి పిలుచుకునే అలవాటు అప్పటికే ఉంది. ఆ అలవాటే టీవీ అనౌన్సర్లకూ అందింది. విజయదుర్గ, రోజారాణి వంటి పేర్లను అప్పటి ప్రేక్షకులు ఎదురింటి వాళ్ల పేర్ల మాదిరిగా పలకడం వినవచ్చు. ప్రేక్షకుల ఉత్తరాలకు జవాబులు చెప్పే కార్యక్రమం ఈ చనువును మరింత పెంచింది. ఫిర్యాదు రాసినా, పొగడ్త రాసినా, పోస్టుకార్డు మీది ఊరి పేరు తెర మీద చదివి వినిపిస్తే ఆ ఊరికి అది కొన్నాళ్ల పాటు మాట్లాడుకునే సంగతి.

కార్యక్రమాల గురించి మాత్రం అందరూ ఒకే రీతిగా చెప్పే జ్ఞాపకాలను కాస్త అనుమానించాలి. ధర్మవరపు సుబ్రహ్మణ్యం పేరును సినిమాకంటే ముందే ఇళ్లకు చేర్చిన ‘ఆనందోబ్రహ్మ’ లాంటి హాస్య ధారావాహికలు నిజంగానే తాజాగా ఉండేవి. తర్వాతి రోజుల్లో మంజులానాయుడు దర్శకత్వంలో వచ్చిన ‘రుతురాగాలు’ రోజువారీ సీరియల్‌కు తెలుగులో ఒక మర్యాదను తెచ్చింది, దాని శీర్షికా గీతం ఇప్పటికీ పలువురి నోట ఉంది. వీటి పక్కనే గంటల కొద్దీ నిస్సారమైన గోష్ఠులు, మంత్రుల పర్యటనల నివేదికలు, ఎవరి కోసం తీశారో తెలియని డాక్యుమెంటరీలు కూడా ఉన్నాయి. రైతుల కార్యక్రమాన్ని పట్టణాల పిల్లలు పాటల కోసం ఓర్చుకున్న శిక్షగానే చూశారు. అదే కార్యక్రమంలో చెప్పిన పురుగుమందు మోతాదును నోట్‌బుక్కులో రాసుకున్న రైతులూ ఉన్నారు. నలభై ఏళ్ల తర్వాత జ్ఞాపకాలు రాస్తున్నవారిలో మొదటి రకం వారే ఎక్కువ కాబట్టి, రైతుల కార్యక్రమం హాస్యంగానే మిగిలిపోయింది.

జ్ఞాపకాలకు భౌగోళికమైన హద్దులు కూడా ఉన్నాయి. ‘మేమంతా హైదరాబాద్ దూరదర్శన్ చూస్తూ పెరిగాం’ అన్న మాట అన్ని జిల్లాలకూ ఒకే కాలంలో వర్తించదు. 1982 ఆగస్టు 15న ఢిల్లీ నుంచి జాతీయ కార్యక్రమం మొదలైంది. 1983లో ఇన్సాట్-1బి ఉపగ్రహం అందుబాటులోకి రావడంతో 1984లో దేశమంతటా చిన్న పట్టణాల్లో తక్కువ శక్తి గల ట్రాన్స్‌మిటర్లు శరవేగంగా వెలిశాయి. ఇవి చేసే పని ఒక్కటే: ఉపగ్రహం నుంచి ఢిల్లీ ప్రసారాన్ని అందుకుని చుట్టుపక్కల కొద్ది కిలోమీటర్ల మేర వెదజల్లడం. హైదరాబాద్ స్టూడియోతో వాటికి లంకె కుదరాలంటే మైక్రోవేవ్ మార్గం కావాలి, లేదంటే ప్రాంతీయ ప్రసారానికి ఉపగ్రహంలో ప్రత్యేకంగా చోటు కావాలి. ఈ రెండూ సమకూరే వరకు ఎన్నో తెలుగు పట్టణాల్లో టీవీ వచ్చింది గానీ తెలుగు రాలేదు. అక్కడివారికి తొలి టెలివిజన్ ముఖం హిందీ వార్తలు చదివే సల్మా సుల్తాన్‌ది, లేదా ఇంగ్లీషు వార్తలు చదివే గీతాంజలి అయ్యర్‌ది. భాష పూర్తిగా అర్థం కాకపోయినా ఆ ముఖాలు గుర్తున్నాయి. 1984 అక్టోబర్ 31 సాయంత్రం ఇందిరాగాంధీ హత్య వార్తను సల్మా సుల్తాన్ చదవగా చూసినవారిలో హిందీ రాని తెలుగువారు ఎందరో ఉంటారు.

నెల్లూరు, చిత్తూరు జిల్లాల దక్షిణపు అంచుల్లో మరో చిత్రం. ఇంటి కప్పు మీద పొడవాటి గొట్టానికి యాంటెనా బిగించి మద్రాసు వైపు తిప్పితే, 1975లో మొదలైన మద్రాసు దూరదర్శన్ అందేది. శుక్రవారం తమిళ సినిమా పాటల ‘ఒళియుం ఒలియుం’ కోసం ఎదురుచూసిన తెలుగు కుటుంబాలకు ‘చిత్రలహరి’ తర్వాత వచ్చిన బంధువు. ఈ కుటుంబాల జ్ఞాపకాల్లో తెలుగు అనౌన్సర్ల పక్కన తమిళ అనౌన్సర్లు కూడా కూర్చుని ఉంటారు. హైదరాబాద్ వాసుల అనుభవాన్నే మొత్తం తెలుగువారి అనుభవంగా రాసేటప్పుడు ఈ తేడాలు చదునైపోతాయి. పత్రికల్లో రాసేవారు ఎక్కువగా నగరంలోనే ఉండటం ఇందుకు కారణం కావచ్చు.

భాష గురించి అందరూ ఏకగ్రీవంగా చెప్పే మాట ఒకటుంది: ఆ రోజుల్లో తెలుగు స్వచ్ఛంగా ఉండేదని. ఇందులో నిజం లేకపోలేదు. ఒత్తులు ఒత్తులుగా, దీర్ఘాలు దీర్ఘాలుగా పలకగలరా అన్నది స్వర పరీక్షలో మొదట చూసేవారు. ‘శ’కూ ‘ష’కూ ‘స’కూ తేడా వినిపించాలి, పరభాషా పేర్లను తెలుసుకుని పలకాలి, వాక్యం వ్యాకరణ సమ్మతంగా ముగియాలి. ‘ఇప్పుడు మీరు చూడబోయే కార్యక్రమం...’ అని మొదలుపెట్టి మధ్యలో దారి తప్పకుండా గమ్యం చేరే వాక్యం ఈనాటి తెలుగు ప్రసారాల్లో అరుదు. అయితే ఆ స్వచ్ఛత ఎవరి ప్రమాణం అన్న ప్రశ్న వేయకుండా దాన్ని కీర్తించడం సగం మాటే అవుతుంది. దూరదర్శన్ భాష కృష్ణా గోదావరి తీరాల చదువుకున్నవారి భాషకు దగ్గరగా ఉండేది. కేంద్రం ఉన్నది హైదరాబాద్‌లో. ఆ నగరపు వీధుల్లో, చుట్టుపక్కల తెలంగాణ పల్లెల్లో జనం మాట్లాడే తెలుగు మాత్రం తెర మీదికి నాటకాల్లో పనివాడి పాత్రగానో, జానపద కళారూపంగానో వచ్చేది. అదే కేంద్రం నుంచి ఉర్దూ కార్యక్రమాలకు చోటు దొరికింది, తెలంగాణ మాండలికంలో నమస్కారం చెప్పే అనౌన్సర్‌కు మాత్రం దొరకలేదు. రాయలసీమ, ఉత్తరాంధ్ర యాసల సంగతీ అంతే.

ఈ లోటు ఎంత లోతుగా ఉండేదో తర్వాత చాలా కాలానికి బయటపడింది. 2012లో మొదలైన వీ6 ఛానల్ ‘తీన్మార్ వార్తలు’ పేరుతో తెలంగాణ మాటతీరులోనే వార్తలు వినిపించినప్పుడు వచ్చిన ఆదరణను వినోదంగా మాత్రమే లెక్కగట్టడం పొరపాటు. సావిత్రి, బిత్తిరి సత్తి పాత్రలు తెర మీదికి వచ్చి కెమెరా వంక చూసి మాట్లాడినప్పుడు, ముప్పై ఏళ్లుగా తెర మీద తమ మాట వినబడని జనం దాన్ని తమ ఇంటి పలకరింపుగా స్వీకరించారు. చూడగా, చేతులు జోడించి శిష్ట భాషలో నమస్కారం చెప్పిన అనౌన్సర్‌కూ, వీధి భాషలో వార్త చెప్పే సత్తికీ ప్రేక్షకుడి మనసులో దక్కిన చోటు ఒక్కటే. దూరదర్శన్ ఆ చోటును కనిపెట్టింది. అందులో అందరినీ కూర్చోబెట్టలేదు.

ఇక ప్రభుత్వ మాధ్యమం అన్న సంగతి. 1997లో ప్రసార భారతి ఏర్పడే వరకు దూరదర్శన్ కేంద్ర సమాచార ప్రసార శాఖ కింద ఒక విభాగం. అనౌన్సర్ గొంతులోని సమతూకానికి, ఉద్వేగం లేని తీరుకు ఇది కూడా ఒక కారణం. తుపాను హెచ్చరికను, ముఖ్యమంత్రి మార్పును, పిల్లల పాటల కార్యక్రమాన్ని ఒకే శ్రుతిలో ప్రకటించడం శిక్షణలో భాగం. ప్రముఖ నాయకులు మరణించిన రోజుల్లో కార్యక్రమాలన్నీ రద్దయి వాద్య సంగీతం సాగుతుండగా, అనౌన్సర్ నెమ్మదైన గొంతు ఆ శోకానికి అధికారికమైన రూపం ఇచ్చేది. ఈనాటి వార్తా ఛానళ్ల కేకలకు విసిగినవారు ఆ సంయమనాన్ని ఆదర్శంగా చూపుతుంటారు. పోలిక పూర్తిగా న్యాయమైనది కాదు. ఆ గొంతు కేకలు వేయకపోవడానికి మర్యాద ఎంత కారణమో, ప్రశ్నించే అధికారం లేకపోవడమూ అంతే కారణం. రాష్ట్రంలో జనం మాట్లాడుకుంటున్న ఎన్నో సంగతులు ఆ బులెటిన్‌లోకి వచ్చేవి కావు.

1995లో ఫిబ్రవరి 9న జెమిని టీవీ, ఆగస్టు 27న ఈటీవీ మొదలైన తర్వాత మారింది కార్యక్రమాల సంఖ్య ఒక్కటే కాదు. కార్యక్రమాల మధ్య ఖాళీని ప్రకటనకర్తలకు అమ్మవచ్చని తేలింది. అనౌన్సర్ నిలబడిన ఇరవై సెకన్ల చోటులో సబ్బు ప్రకటన నిలబడింది. రాబోయే కార్యక్రమం గురించి చెప్పవలసిన మాటను ముందే కూర్చిపెట్టిన ప్రోమో చెప్పింది. టేపుల స్థానంలో కంప్యూటర్ సర్వర్లు వచ్చాక పూడ్చవలసిన ఖాళీయే లేకుండా పోయింది. మనిషి మాత్రం తెర మీద నుంచి మాయం కాలేదు, కార్యక్రమాల మధ్య నుంచి లోపలికి జరిగాడు. ఆమెనో అతడినో యాంకర్ అనడం మొదలైంది. అనౌన్సర్ కార్యక్రమాన్ని అప్పగించి తప్పుకునేవారు. యాంకర్ తానే కార్యక్రమం. సుమ, ఝాన్సీ, ఉదయభాను వంటివారు తారల స్థాయి గుర్తింపు పొందింది ఈ కొత్త ఏర్పాటులోనే. మాతృభాష మలయాళమైన సుమ తెలుగు యాంకర్లలో అందరికంటే ఎక్కువ కాలం, అందరికంటే సరళంగా తెలుగు మాట్లాడుతూ నిలబడటం గురించి భాషాభిమానులు ఇంకా తగినంతగా ఆలోచించినట్టు లేదు.

పాత అనౌన్సర్ ధర్మం కొత్త కాలంలో ఎక్కడైనా బతికిందా అంటే, 1996లో ఈటీవీలో మొదలైన ‘పాడుతా తీయగా’లో బతికిందని చెప్పవచ్చు. ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం ప్రతి పాటకూ ముందు రాసినవారు ఎవరు, బాణీ కట్టినవారు ఎవరు, పాడినవారు ఎవరు అని పూర్తిగా చెప్పి, పలుకు తప్పిన పిల్లవాడిని ఆపి ఒత్తు సరిదిద్ది, ఆ తర్వాతే పాటకు చోటు ఇచ్చేవారు. ప్రేక్షకుడికి రాబోయేదాన్ని మర్యాదగా పరిచయం చేసి పక్కకు తప్పుకోవడం అన్న పాత పద్ధతి అందులో కనిపిస్తుంది. ఆయనది ఏ ఉద్యోగి గొంతూ కాదు కాబట్టి నవ్వగలిగారు, కంటతడి పెట్టగలిగారు కూడా. దూరదర్శన్ అనౌన్సర్‌కు ఆ స్వేచ్ఛ ఎన్నడూ లేదు.

2014లో రాష్ట్ర విభజన తర్వాత దూరదర్శన్ తెలుగు ఛానల్ కూడా రెండైంది: హైదరాబాద్ నుంచి యాదగిరి, విజయవాడ నుంచి సప్తగిరి. ఉమ్మడి కాలపు టేపులు ఏ పేరు కిందికి వస్తాయన్న దానికంటే, అసలు ఎన్ని మిగిలాయన్నదే పెద్ద సమస్య. యూ-మాటిక్ టేపులు ఖరీదైనవి కావడంతో ప్రసారం ముగిసిన కార్యక్రమాన్ని చెరిపి అదే టేపు మీద మరొకటి రికార్డు చేయడం దూరదర్శన్ కేంద్రాల్లో మామూలు పద్ధతి. మిగిలినవాటిలో కొన్నింటిని ఇప్పుడు యూట్యూబ్‌లో చూడవచ్చు. వాటి కింద రాసే వ్యాఖ్యల్లో పాత అనౌన్సర్ల పేర్లు అడిగేవారు తరచుగా తగులుతుంటారు.

వారికి ఆ అనౌన్సర్ల దృశ్యాలు దొరికే అవకాశం తక్కువే. అనౌన్సర్ మాటలు అప్పటికప్పుడు ప్రసారమైనవి. వాటిని టేపు మీద భద్రపరచాలన్న ఆలోచన ఎవరికీ కలగలేదు, కలిగే అవసరమూ ఆనాడు కనిపించలేదు. దాచిపెట్టిన టేపుల మీద కార్యక్రమం మొదటి బొమ్మతో మొదలై చివరి బొమ్మతో ముగుస్తుంది. అంటే ప్రభుత్వ భాండాగారం ఒక్క టేపు కూడా పోగొట్టుకోకుండా ఉండి ఉన్నా, అనౌన్సర్లలో అధిక భాగం అందులో ఉండేవారు కాదు. వారి పనికి దృశ్య సాక్ష్యం ఏదైనా మిగిలి ఉంటే అది ఇళ్లలోనే ఉండాలి: 1980ల చివర్లో, 1990ల్లో వీసీఆర్ కొన్నవారు టీవీలో వచ్చే సినిమానో పాటలనో రికార్డు చేయడానికి కొద్దిగా ముందే మీట నొక్కిన క్యాసెట్లలో, సినిమాకు ముందు పడిపోయిన ఒకటి రెండు నిమిషాల్లో. ఆ క్యాసెట్లకు మన ఉక్కపోతలో బూజు పడుతుంది, టేపు మీది అయస్కాంత పూత రాలిపోతుంది. వాటిని ఆడించగల వీసీఆర్‌లను తయారుచేసే చివరి సంస్థ, జపాన్‌కు చెందిన ఫునాయ్, 2016లోనే ఆ పని ఆపేసింది. ఆ క్యాసెట్ల నుంచి సినిమాను కాక, సినిమాకు ముందున్న ఆ రెండు నిమిషాలను ఎక్కించి భద్రపరచే ప్రయత్నం ఏదైనా జరగాలంటే, పనిచేసే వీసీఆర్‌లు మరమ్మతు దుకాణాల్లో దొరుకుతున్న ఈ కొద్ది ఏళ్లలోనే జరగాలి.